మళ్ళీ వలస కథేనా అంటే...

తమ్ముడూ,

నీ నాలుగు కథలూ చదివాను. "అన్నీ ఒకేలా ఉన్నాయంటున్నారన్నా, ఇంక వలస మీద రాయడం ఆపేయనా" అని అడిగావు. ఆపకు. మన తీరం నుంచి గుజరాత్‌లో వీరావల్ దాకా పోయి చేపల బోట్లెక్కే కుర్రాళ్ళ బతుకు నాలుగు కథలతో తీరిపోయేదా? విజయనగరంలో గురజాడ 1892లో కన్యాశుల్కం ఆడించి, 1897లో అచ్చు వేయించి, అక్కడితో వదల్లేదు, మళ్ళీ దాన్నే పట్టుకుని 1909లో దాదాపు కొత్త నాటకంలా తెచ్చారు. మనం ఇవాళ చదివేది ఆ రెండోదే.

నీ ఇబ్బంది వేరే చోట ఉంది. మొదటి కథ చివర అమ్మ గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంటుంది. రెండో దాంట్లో అమ్మ బదులు పెళ్ళాం, మూడో దాంట్లో నానమ్మ, కొంగు మాత్రం అదే. మొదటిసారి నాకూ గొంతు పట్టేసింది గానీ మూడోసారికి కొంగు ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నాను (నవ్వకు, నిజంగానే). ఎలా ముగించాలో తోచనప్పుడు నీ చెయ్యి దానంతటదే అటు పోతోంది.

కావాలని తెచ్చుకున్న పునరుక్తి అలా ఉండదు. మన ఉత్తరాంధ్ర ఊళ్ళలో పాడుతూ ఆడే తప్పెటగుళ్ళు చూసే ఉంటావు, గుండెల మీద తప్పెట, కాళ్ళకి గజ్జెలు, పల్లవి అదే మళ్ళీ మళ్ళీ వస్తుంది, అయినా ఎవరూ లేచిపోరు, ఎందుకంటే వచ్చిన ప్రతిసారీ జోరు పెరుగుతుంది, అడుగు మారుతుంది. నీ కొంగు మూడోసారి వచ్చినప్పుడు ఏం మారింది?

పెన్సిల్ పట్టుకుని నాలుగు కథలూ పైకి చదువు. "గుండె బరువెక్కింది" దొరికిన చోటల్లా గీత పెట్టు, చాలానే దొరుకుతాయి. తర్వాత చివరి పేరా కొట్టేసి చూడు, రెండో కథకి అసలా పేరా అక్కర్లేదు, బస్సు కదిలిన దగ్గరే అయిపోయింది. శ్రీకాకుళం వెళ్ళినప్పుడు కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) తెలుగు కథల కోసం 1997లో పెట్టిన లైబ్రరీ, కథానిలయానికి పోయి, నీకిష్టమైన ఒక్క రచయిత కథలు వరసగా చదువు. ఆ రచయిత దేన్ని వదల్లేదో, దేన్ని వదిలేశాడో నీకే తెలుస్తుంది.

ఇంకొకటి. నాలుగు కథల్లోనూ అడ్వాన్సు చేతిలో పెట్టి కుర్రాళ్ళని తీసుకుపోయే మనిషి ఒక్క వాక్యంలో వచ్చి పోతాడు. అతనికీ ఇల్లుంది, వాళ్ళలో ఒకడు తిరిగి రాకపోతే ఊళ్ళో తల ఎలా ఎత్తుకోవాలన్న టెన్షనుంది. అదే ఊరు, అదే బస్సు, ఈసారి అతని పక్క సీట్లో కూర్చుని రాయి. నాలుగో కథ పత్రికకి ఇప్పుడే పంపకు, ముందు ఇది నాకు పంపు.

నీ
అన్న