ఇసుకలోంచి బెంచీ మీదికి: కోచ్ కాబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. క్లబ్బు వాళ్లు నిన్ను జూనియర్ల కోచ్‌గా రమ్మన్నారని, నువ్వేమో ఇంకో నాలుగేళ్లు ఆడాక చూద్దామంటున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. ఎప్పటికైనా మన ఇసుక ఫుట్‌బాల్‌కి, అదే ఇండియా బీచ్ సాకర్ టీమ్‌కి, కోచ్ కావాలన్న కోరిక నీకుందని కూడా చెప్పింది. ఆ మాట విన్నాక సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదురా. ఫోన్లో అయితే సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నాను.

ఆట మానేశాక కోచింగ్ మొదలుపెడదామనుకోకు. ఆడుతుండగానే మొదలుపెట్టు. ఒంట్లో అలసట గుర్తున్నప్పుడే ఎదుటివాడి అలసట కనిపెట్టడం తేలిక.

ఫ్రాన్స్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎరిక్ కాంటొనా పేరు నీకు తెలుసు. 1997లో, ముప్ఫై ఏళ్లకే ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ వదిలేశాడు. తర్వాత ఇసుక ఆటలోకి వచ్చాడు. ఫ్రాన్స్ జట్టుకు ఆటగాడూ అతనే, కోచూ అతనే. 2005లో ఫిఫా మొదటిసారి బీచ్ సాకర్ ప్రపంచకప్ పెట్టినప్పుడు, బ్రెజిల్ వాళ్ల సొంత ఇసుక కోపకబానాలో, ఫ్రాన్స్ గెలిచింది. ఫైనల్లో పోర్చుగల్‌తో 3-3, చివరికి పెనాల్టీలు. అంత పేరున్నవాడు జట్టులో ఉంటే ప్రతి నిమిషం అతనే ఆడాలని జనం కోరుకుంటారు. కానీ ఆ కప్పులో ఎక్కువ భారం మోసింది మిగతా ఆటగాళ్లే. ఎప్పుడు దిగాలి, ఎప్పుడు బెంచీ మీద కూర్చోవాలి అన్న లెక్క తేల్చుకోవడం ఆడే కోచ్‌కి అన్నిటికంటే కష్టం.

ఆ లెక్క నేను తప్పాను. చాలా ఏళ్ల కిందట ఒక లోకల్ టోర్నమెంట్‌లో నేనే కోచ్‌ని, నేనే ఆడుతున్నాను. రెండో పీరియడ్ అయ్యేసరికి ఒక గోల్ ముందున్నాం. పిక్కలు పట్టేస్తున్నా నేను బయటికి రాలేదు, నేను ఉంటేనే గెలుస్తామనుకున్నాను. బెంచీ మీద పదిహేడేళ్ల కుర్రాడు భుజాన తువ్వాలు వేసుకుని నా వైపే చూస్తున్నాడు. మొదట్లో లేచి నిలబడి కాళ్లు కదిలించుకునేవాడు. తర్వాత కూర్చున్నాడు. ఇంకాసేపటికి తువ్వాలు తల మీదికి లాక్కున్నాడు. చివరి పీరియడ్‌లో రెండు గోల్స్ తిన్నాం, రెండూ నేను వెనక్కి పరుగెత్తలేక ఇచ్చినవే. ఓడినందుకు కాదు, ఆ తువ్వాలు గుర్తొస్తే ఇప్పటికీ గుండె పిండినట్టు ఉంటుంది. ఆ కుర్రాడు మళ్లీ ప్రాక్టీస్‌కి రాలేదు.

మన ఆటలో మార్పులకు లెక్క లేదు. పన్నెండేసి నిమిషాల పీరియడ్లు మూడు, ఎంతమందినైనా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఇసుకలో రెండు మూడు నిమిషాలు నిజంగా పరుగెత్తినవాడికి ఊపిరి అందదు. అందుకే బీచ్ సాకర్ కోచ్ పని సగం బెంచీ దగ్గరే. జూనియర్లతో మొదటి నెలంతా ఒక పని చెయ్యి: బంతిని చూడటం మానేసి కాళ్లు చూడు. అడుగు వేసేటప్పుడు మడమ ఇసుకలోంచి పూర్తిగా లేవడం లేదంటే, వాడు నోటితో బాగానే ఉన్నానన్నా సరే, బయటికి పిలువు. పిలిచాక వీపు తట్టు, నీళ్లివ్వు, మళ్లీ ఎప్పుడు దింపుతావో చెప్పు. ఆ చివరి మాట మర్చిపోకు.

గడ్డి మీది ఆటని ఇసుకలో నేర్పొద్దు. బంతి దొర్లదు, కాలివేళ్లతో లేపి గాల్లోనే అందించాలి. కోర్టు పొడవు 35 నుంచి 37 మీటర్లే, తమ సగంలోంచి కూడా గోల్‌కి కొడతారు. ఫ్రీకిక్ కొట్టేటప్పుడు ఎదుట ఆటగాళ్లని అడ్డుగోడలా నిలబడనివ్వరు. కాబట్టి అనవసరంగా చేసిన ఒక్క ఫౌల్ గోల్‌తో సమానం, పిల్లలకి ఇది మొదటివారమే నూరిపొయ్యి. నీ గోల్‌కీపర్‌ని ఆఖర్న మిగిలినవాణ్ని కాకుండా తెలివైనవాణ్ని చూసి పెట్టుకో, దాడి మొదలయ్యేది వాడి చేతిలోంచే. సాయంత్రం సముద్రపు గాలి మొదలయ్యాక పైబంతులు ఎలా తిరుగుతాయో నీకు చెప్పక్కర్లేదు. పిల్లలకి మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి కదా, ఆ ఎవరో నువ్వే.

నాకు అన్నిటికంటే నచ్చిన కోచ్ మాత్రం ఆంజెలో స్కిరింజీ. స్విట్జర్లాండ్‌కి సముద్రమే లేదు. అతను ఆ జట్టుకు ఆడాడు, కోచ్ అయ్యాడు, 2009లో దుబాయ్‌లో ప్రపంచకప్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. అక్కడ బ్రెజిల్ చేతిలో 10-5తో ఓడారు. తర్వాత తాహితీ దీవికి కోచ్‌గా వెళ్లాడు. 2013లో సొంతగడ్డ మీద ప్రపంచకప్‌లో ఆ చిన్న దీవి నాలుగో స్థానంలో నిలిచింది. 2015లోనూ 2017లోనూ తాహితీ వాళ్లు ఏకంగా ఫైనల్ ఆడారు. అతను వేసిన దారి ఎంత గట్టిదో చూడు. మనకి ఇక్కడ ఇంత తీరం ఉంది, వల లాగే కుటుంబాల్లో పుట్టుకతోనే ఇసుక మీద పరుగెత్తే పిల్లలున్నారు. నేర్పేవాళ్లే లేరు.

మన దేశంలో తొలి జాతీయ బీచ్ సాకర్ పోటీలు సూరత్‌లో జరిగింది 2023లోనే, కేరళ గెలిచింది. 2025 మార్చిలో మన జట్టు పట్టాయాలో ఆసియా కప్ ఆడింది. అంటే ఈ పని తెలిసిన కోచ్‌ల కోసం చూసే రోజులు ఇప్పుడే మొదలయ్యాయి. లైసెన్స్ విషయంలో బద్ధకించకు. మన దేశ ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్‌ఎఫ్ ఇచ్చే డీ లైసెన్స్‌కి ముందు అప్లై చెయ్యి, ఆ తర్వాత సీ లైసెన్స్. బీచ్ సాకర్‌కి ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఏఎఫ్‌సీ వాళ్ల కోర్సు విడిగా ఉంది, దాని మీద ఓ కన్నేసి ఉంచు. డబ్బు సంగతి నేను చూసుకుంటాను, మీ నాన్నని అడగొద్దు.

నువ్వు ఆడటం మానేయనక్కర్లేదు. ఉదయం పిల్లలకి నేర్పు, సాయంత్రం నువ్వు ఆడు. టెన్షన్ పడకు.

ఆదివారం ఐదున్నరకల్లా బీచ్‌కి రా. పిల్లలు రాకముందే ఇద్దరం కోర్టంతా నడిచి గాజుపెంకులు, గవ్వలు ఏరేద్దాం. సరుగుడు పుల్లతో ఇసుక మీద గీసి చూపించాల్సినవి ఇంకా ఉన్నాయి.

ఇట్లు,
మీ మావయ్య