సాగర్–శ్రీశైలం లాంచీ: పెద్దవాళ్లతో పోవచ్చా?

అన్నా, లాంచీలో పడుకునే గదులుంటాయా, అమ్మానాన్నలు తట్టుకుంటారా అని అడిగారు. గదులుండవు, కుర్చీలే. సుమారు 110 కిలోమీటర్లు, ఆరేడు గంటల కూర్చుడు. అసలు కష్టం దిగేటప్పుడే. లాంచీ ఆగేది గుడి దగ్గర కాదు, డ్యాం కింద లింగాలగట్టులో. నీళ్లు తగ్గినకొద్దీ ఒడ్డు ఎక్కాల్సిన ఎత్తు పెరుగుతుంది. మోకాళ్ల నొప్పులుంటే చేతికర్ర తప్పనిసరి. అక్కడినుంచి ఘాట్ రోడ్డే, బండి ముందే మాట్లాడుకోండి.

తేదీ కన్నా ముందు నీటిమట్టం చూడండి. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. బాగా దిగితే శ్రీశైలం వైపు ఇరుకు లోయలో రాళ్లు బయటపడి లాంచీ పోదు. నిండా ఉన్నా శ్రీశైలం గేట్లెత్తితే ఎదురు ప్రవాహానికి ఆపేస్తారు. అందుకే వరద తగ్గాక, దసరా తర్వాత చూసుకోవడం మేలు. కొల్లాపూర్ దగ్గర సోమశిల నుంచి పోయే లాంచీ వేరు. అది శ్రీశైలం జలాశయంలోనే నడుస్తుంది, దానికి చూడాల్సింది శ్రీశైలం నిండు మట్టం, 885 అడుగుల లెక్క.

నల్లమలలో సిగ్నల్ ఉండదు. బీపీ, షుగర్ గోళీలు పెద్ద బ్యాగులో కాదు, చేతిసంచిలో పెట్టండి.

నన్నడిగితే ముందు సాగర్ జలాశయం మధ్య దీవి నాగార్జునకొండకు లాంచీలో పోయిరండి, గంటలోపు ప్రయాణం. శుక్రవారం మాత్రం వద్దు, మ్యూజియం మూసి ఉంటుంది.