అడగండి, చెబుతాం: మావాడు గూఫీ అంట, ఏం చేయాలి?

ప్రశ్న: మావాడు చెన్నైలో బీటెక్ చదువుతూ అక్కడ దగ్గర్లోని కోవళంలో సర్ఫింగ్, అదే బోర్డు మీద నిలబడి అలలపై జారే ఆట, నేర్చుకున్నాడు. సెలవులకు వచ్చిన కాడి నుంచి అదే భాష. నేను చేసిన చేపల పులుసు 'గ్నార్లీ' అంట, చెల్లెలు 'గ్రోమ్' అంట, వాళ్ల నాన్న 'కూక్' అంట. మొన్న మైపాడు బీచికి తీసుకెళ్తే 'నేను గూఫీ అమ్మా, స్టోక్డ్‌గా ఉన్నా' అన్నాడు. ఇవేమన్నా తిట్లా?
- ఒక తల్లి, ఇందుకూరుపేట

జవాబు: ఒక్కటి తప్ప ఏదీ తిట్టు కాదమ్మా. ఆ ఒక్కటీ మీవారికే తగిలింది. అలలమీద మర్యాద తెలియనివాడు, బోర్డు పట్టుకోవడం కూడా రానివాడు కూక్. అల విరిగే చోటుకు ఎవరు దగ్గరగా ఉంటే ఆ అల వాళ్లదే అన్నది సర్ఫర్ల కట్టుబాటు. అది తెలియక మధ్యలో దూరేవాణ్ణి అలా అంటారు, రేషన్ షాపు దగ్గర వరసలో దూరేవాణ్ణి మనం అనేమాటలతో పోలిస్తే చాలా మెత్తన. అయినా ఇంట్లో ఆయనకు చెప్పకండి.

గ్రోమ్ అంటే పిల్ల సర్ఫర్, ముద్దుపేరు. గూఫీ అంటే బోర్డు మీద కుడికాలు ముందు పెట్టి నిలబడేవాడు, ఎడమకాలు ముందు పెడితే రెగ్యులర్. ఆ ఇంగ్లీషు మాటకు తిక్క అనే అర్థం ఉన్నా ఇక్కడ అది మనం పుర్రచేతివాడు అన్నట్టే, లోపం కాదు, వాటం. ఇక గ్నార్లీ: ముడులుపడి మెలికలు తిరిగిన చెట్టుకు వాడే మాట నుంచి వచ్చింది. ముందు ప్రమాదకరమైన అలను అనేవాళ్లు, పోనుపోను 'అద్భుతం'గా మారింది. మన కుర్రాళ్లు బాగున్నదాన్ని 'అరాచకం' అనట్లేదూ, అట్టాగే. మీ పులుసుకు మెచ్చుకోలే.

నాకు బాగా నచ్చేది స్టోక్డ్. డచ్చివాళ్ల 'స్టోకెన్' అంటే మంటకు కట్టెలు అందించడం. దాన్నుంచి ఇంగ్లీషులోకి స్టోకర్ వచ్చాడు, అంటే బాయిలర్‌లో బొగ్గు వేసేవాడు. కాలిఫోర్నియా సర్ఫర్లు 1950ల్లో దాన్ని ఉత్సాహానికి వాడారు. మన మాటలో చెప్పాలంటే మీవాడి పొయ్యి ఎగదోసి ఉంది. 'కవబంగా' అని అరిస్తే మాత్రం అది హవాయి భాష అనుకోకండి, 1950ల నాటి అమెరికా పిల్లల టీవీ కార్యక్రమంలో పుట్టించిన కేక. అసలు హవాయి మాట 'హెఎ నలు', అల మీద జారడం అని, ఎంత సూటిగా ఉందో చూడండి.

ఒక్క మాట మాత్రం అతని దగ్గర గట్టిగా నేర్చుకోండి: రిప్. ఒడ్డు నుంచి లోపలికి లాగేసే నీటి ప్రవాహం అది. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదితే అలిసిపోతాం, తీరం వెంబడే పక్కకు ఈది దాన్నుంచి బయటపడాలి.

ప్రశ్న: మాకు సర్ఫ్ అంటే బట్టల పొడే. ఆ మాట మన తీరంలోనే పుట్టిందని ఒక స్నేహితుడు వాదిస్తున్నాడు. కోతలేనా?
- ఒక పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: మొత్తం కోత కాదు. ఒడ్డున విరిగి నురగలు కక్కే అలనే ఇంగ్లీషులో సర్ఫ్ అంటారు, మీ బట్టల పొడికి నురగ పోలిక ఉండనే ఉంది. ఈ మాట 1680ల నుంచి రాతల్లో కనిపిస్తుంది, అంతకుముందు 'సఫ్' అని ఉండేది, తొలిరోజుల్లో ఎక్కువగా వాడింది ఇండియా తీరం గురించి రాసేటప్పుడే. అందుకే ఇది ఇక్కడి భాషల్లోంచి పోయిందేమోనని నిఘంటువులు రాసేవాళ్లు అనుమానిస్తారు, రుజువు మాత్రం దొరకలేదు. మీ స్నేహితుడికి సగం మార్కులు ఇవ్వండి.

ఆ తెల్లవాళ్లకు మన అలలు అంతగా ఎందుకు గుర్తుండిపోయాయంటే, అప్పట్లో మద్రాసు లాంటి చోట సరైన రేవు లేదు, ఓడ దూరంగా లంగరేస్తే మనుషులూ సరుకూ ఆ విరిగే అలల్లోంచే ఒడ్డు చేరాలి. మేకులు లేకుండా తాళ్లతో కుట్టిన పడవలు దెబ్బకు వంగి తట్టుకునేవి. దుంగలు కట్టిన తెప్ప సంగతి సరేసరి, దాన్నే తమిళులు కట్టుమరం అంటే ఇంగ్లీషువాళ్లు కాటమరాన్ చేసుకున్నారు, ఇంగ్లీషు నావికుడు విలియం డాంపియర్ ఆ మాటను 1697లో అచ్చయిన తన ప్రయాణాల పుస్తకంలో కోరమాండల్ తీరం గురించి చెబుతూ రాశాడు.

మీ ఊళ్లోనే తెల్లారుజామున పడవ దించేటప్పుడు నిలబడి చూడండి. వరసగా మూడు నాలుగు పెద్ద అలలు పోయేదాకా ఆగి, సందు దొరగ్గానే ఒక్క తోపు తోస్తారు. ఆ పెద్ద అలల గుంపుకు సర్ఫర్లు పెట్టుకున్న పేరు 'సెట్', ఆ సందు 'లల్'. పేరు వాళ్లది, పని మనవాళ్లకు ఎప్పటినుంచో తెలిసిందే.

ప్రశ్న: మరి నెట్ సర్ఫింగ్‌కూ అలలకూ ఏం సంబంధం?
- ఒక విద్యార్థిని, కావలి

జవాబు: దానికి ముందే టీవీ రిమోట్ నొక్కుతూ పోవడాన్ని ఛానల్ సర్ఫింగ్ అనేవాళ్లు. ఇంటర్నెట్‌కు ఆ మాట బాగా అంటించింది జీన్ ఆర్మర్ పాలీ అనే అమెరికా లైబ్రేరియన్, 1992లో తన వ్యాసానికి ఆ పేరే పెట్టింది. ఏం పేరు పెట్టాలా అని ఆలోచిస్తుంటే ఎదురుగా తన మౌస్ ప్యాడ్ మీద అలపై వెళ్తున్న సర్ఫర్ బొమ్మ కనబడిందట.