నోట్‌బుక్కులో అక్క పేరు లేదు

ఒక పాఠకుడి ఉత్తరం, క్లుప్తంగా:

"నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాది ఫిరంగిపురం దగ్గర పల్లె, తాతల కాలం నుంచి కథోలికులం. రెండేళ్ల కిందట ఒక ధ్యానకూటంలో ఫాదర్ గారు చెప్పినప్పటి నుంచి, ఆఫీసులో పని మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు దేవునికి కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. రాత్రి ఆ రోజు అందిన పది మేళ్లు నోట్‌బుక్కులో రాస్తాను. టీమ్‌లో పేరుపేరునా అందరికీ థాంక్స్ చెబుతాను. మొదట్లో మనసు తేలిగ్గా ఉండేది. ఇప్పుడు ఎంత రాసినా ఏమీ అనిపించడం లేదు. ఆఫీసు టెన్షన్ సరే, ఇంట్లోనూ ప్రశాంతత లేదు. మా అక్కకి పెళ్లి కాలేదు, మాతోనే ఉండి పిల్లల్ని చూసుకుంటుంది. పదో తరగతితో చదువు ఆపేసి, మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లి నా హాస్టల్ ఫీజు కట్టింది, కాదనను. విజయవాడ గుణదల మరియమాత తిరునాళ్లకు వెళ్తానంటే పోయిన ఏడాది వద్దన్నాను. ఈసారీ ప్రాజెక్టు రిలీజ్ ఉంది, కుదరదన్నాను. అప్పటి నుంచి ముభావంగా ఉంటోంది. నా విశ్వాసంలో లోపం ఉందా? ఏ నవదిన ప్రార్థన చేస్తే ఆ కృతజ్ఞతాభావం మళ్లీ కలుగుతుంది?"

ఏ నవదిన ప్రార్థనా అక్కర్లేదు. మీ విశ్వాసానికి వచ్చిన లోటూ లేదు. ఆ ప్రశ్నను ఇక్కడితో వదిలేద్దాం.

ఉత్తరంతో పాటు మీ నోట్‌బుక్కులో ఒక పేజీ ఫొటో పంపారు. దాన్ని చాలాసేపు చూశాను. పది మేళ్లలో మూడోది: "బాబుకి జ్వరం తగ్గింది." ఏడోది: "రాత్రి ఆలస్యంగా వచ్చినా వేడి అన్నం." జ్వరం దానంతటదే తగ్గిందా? రాత్రి లేచి తడిగుడ్డ వేసింది ఎవరు? పదిన్నరకు అన్నం వేడి చేసి పెట్టింది ఎవరు? ఆ పేజీలో మీ మేనేజర్ పేరుంది, కొత్తగా చేరిన కుర్రాడి పేరుంది. అక్క పేరు మాత్రం లేదు.

నేనూ అమ్మ చేతిలో జపమాల చూస్తూ పెరిగినదాన్నే, కాబట్టి మీ సాధనను తేలిగ్గా చూడను. రాత్రిపూట రోజును తలచుకునే ఈ పద్ధతి పునీత ఇగ్నేషియస్ లొయోలా గారు 16వ శతాబ్దంలో నేర్పిన ఆత్మశోధనకు దగ్గరది. అయితే అందులో ఐదు మెట్లున్నాయి. అందిన మేళ్లకు దేవునికి కృతజ్ఞత చెప్పడం మొదటిది. నా తప్పు నాకు కనపడేలా చెయ్యమని అడగడం రెండోది. నిద్ర లేచినప్పటి నుంచి గంట గంటకూ ఏం ఆలోచించాను, ఏం మాట్లాడాను, ఏం చేశాను అని లెక్క చూసుకోవడం మూడోది. తర్వాత క్షమాపణ, ఆపైన సరిదిద్దుకుంటాననే నిర్ణయం. మీరు రెండేళ్లుగా మొదటి మెట్టు మీదే నిలబడి ఉన్నారు. ఒక్క రాత్రి మూడో మెట్టు ఎక్కి చూడండి. పొద్దున ఆరింటికి కాఫీ గ్లాసు ఎవరి చేతిలోంచి అందుకున్నారో, ఆ మనిషి ముఖం చూశారో, ఫోన్ చూశారో గుర్తు చేసుకోండి. మీ మనసు ఎండిపోవడానికి కారణం అక్కడుందని నా నమ్మకం.

మిర్చి తొడిమలు తీయడం అంటే ఏమిటో గుంటూరు వైపు పుట్టిన మీకు నేను చెప్పాలా? ఘాటుకు దగ్గు, కళ్ల మంట. రాత్రి చల్లటి నీళ్లలో ముంచినా చల్లారని వేళ్లు. పదిహేను, పదహారేళ్ల పిల్ల ఆ పని చేసి మిమ్మల్ని చదివించింది. పూజలో అప్పాన్ని, అంటే రొట్టెను, అర్పించేటప్పుడు గురువులు ఏమని ప్రార్థిస్తారు? ఇది భూమి ఇచ్చింది, మనుషుల చేతులు శ్రమించి చేసింది అనే కదా. ప్రతి ఆదివారం ఆ మాట వింటున్నప్పుడు మీకు ఎవరి చేతులు గుర్తుకు రావాలి?

"సొంతవాళ్లకు థాంక్స్ చెప్పడమేమిటి?" అని మీరు అడగొచ్చు. నిజమే, మన ఇళ్లలో ఆ మాట చెబితే పరాయివాళ్లను చేసినట్టుంటుంది. అక్క కూడా దాన్ని కోరుకోదు. కానీ ఆ మాటకు బదులు మనకు వేరే పద్ధతులున్నాయి. "తిన్నావా అక్కా" అని అడుగుతాం. పండక్కి చీర పెడతాం. పిల్ల పెళ్లి మాట వస్తే ముందు ఆమెను అడుగుతాం. వీటిలో మీరు ఏం చేశారో ఉత్తరంలో లేదు. ఆమె నోరు తెరిచి అడిగింది మాత్రం ఉంది. ఏడాదికొక్కసారి గుణదల కొండ ఎక్కి మరియమాత ముందు నిలబడతానంది. దానికే మీరు రెండేళ్లు వరసగా వద్దన్నారు. మీకు సెలవులున్నాయి, అక్కకి లేవు. ఇది నాకు చాలా బాధ కలిగించింది, దాచుకోను.

ఇంటి పనిని పనిగా లెక్కపెట్టకపోవడం మన పాత అలవాటు. 12వ పయస్ పోపుగారు 1955లో మే 1ని కార్మికుడైన పునీత జోజప్పగారి, అంటే మరియమాత భర్త యోసేపుగారి, పండుగగా ప్రకటించారు. ఆ జోజప్పగారు సువార్తల్లో ఎక్కడా ఒక్క మాట మాట్లాడరు. ఇంటిని కాపాడతారు, అంతే. మీ ఇంట్లో మాట్లాడకుండా ఇంటిని మోస్తున్న మనిషి ఒకరున్నారు. ఆమె మౌనాన్ని మీరు ముభావం అంటున్నారు.

బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతుండగా నీ సోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నారు ప్రభువు. మత్తయి 5వ అధ్యాయం తీసి చదవండి. అందుకని ఒక నెల నోట్‌బుక్కు మూసెయ్యండి.

తిరునాళ్లు ఫిబ్రవరి 9, 10, 11. ఆ మూడు రోజులకూ ఈ రోజే సెలవు పెట్టి, అక్కను పంపండి. రిలీజ్ ఉందని మేనేజర్ ఒప్పుకోకపోతే గట్టిగా అడగండి, మీ పిల్లవాడికి ఒంట్లో బాగాలేకపోతే అడగరా? ఆ మూడు రోజులూ పిల్లల క్యారేజీలు మీరు కట్టండి. మీ ఆవిడ గురించి మీరు ఏమీ రాయలేదు, నేనూ ఆమెను ఇందులోకి లాగను. అక్క మీ తోబుట్టువు, ముందు కదలాల్సింది మీరు.

ఇంకొకటి, డబ్బు సంగతి. మీకు పీఎఫ్ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. రేపు మోకాళ్లు పట్టేస్తే ఆమెకు ఏముంది? ఆఫీసు పాలసీలో అక్క పేరు చేర్చడానికి కుదరకపోతే విడిగా ఒకటి తీసుకోండి. ఆమె పేరున బ్యాంకు ఖాతా తెరిచి, మీ జీతం పడ్డ రోజే అందులో కొంత వెయ్యండి. దాన్ని జీతమనకండి, సాయమని అసలే అనకండి. మీ సంపాదనలో ఆమె వాటా అది. దేనికి ఖర్చు పెట్టిందని అడగొద్దు.

గుణదల నుంచి తిరిగొచ్చాక ఒక రోజు పక్కన కూర్చుని, "అక్కా, నీకేం చెయ్యాలని ఉంది?" అని అడగండి. వెంటనే చెప్పదు, ఇన్నేళ్లలో ఎవరూ అడిగి ఉండరు. ఆగండి. మీతోనే ఉంటాననొచ్చు, ఆగిపోయిన చదువు మొదలుపెడతాననొచ్చు. ఊరికి వెళ్లిపోతాను అన్నా సరే, పిల్లల్ని చూపించి ఆపకండి.