పాఠకుల ప్రశ్నలు: మన ముంగిస చలికాలంలో ఎందుకు తెల్లబడదు?

ప్రశ్న: చలిదేశాల్లో ఉండే స్టోట్ అనే చిన్న జంతువు శీతాకాలంలో తెల్లబడి, ఎండలు రాగానే గోధుమరంగుకు వస్తుందని మా అబ్బాయి బొమ్మల పుస్తకంలో చదివాను. దాన్ని అందులో ‘ఒక రకం ముంగిస’ అన్నారు. మా కొబ్బరితోటలో తిరిగే ముంగిస ధనుర్మాసం చలిలోనూ రంగు మారదు, ఎందుకని?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ముందు ఆ మాటను సరిదిద్దుకోవాలండి. పొడవాటి ఒళ్లు, పొట్టి కాళ్లు చూసి రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు గాని, ముంగిస వంశరీత్యా పిల్లులకూ హైనాలకూ దగ్గరిది. స్టోట్‌కు మన డెల్టాలో ఉన్న చుట్టం కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టుకుని తినే నీటికుక్క.

ఇక రంగు సంగతి. మొలిచిన వెంట్రుక చలికి తెల్లబడదు. పాతది రాలి, కొత్తది తెల్లగా మొలుస్తుంది. పగటి పొద్దు తగ్గేకొద్దీ మెదడులోని పీనియల్ గ్రంథి రాత్రిళ్లు ఎక్కువసేపు మెలటోనిన్‌ను విడుదల చేస్తుంది, దానివల్ల ప్రొలాక్టిన్ అనే హార్మోన్ తగ్గి, రంగునిచ్చే మెలనిన్ లేని బొచ్చు పొట్ట వైపు మొదలై వీపు మీదికి, ఆఖరున తలకు పాకుతుంది. వసంతంలో ఇదే వరస తలకిందులుగా సాగుతుంది. చలి ఈ మార్పును త్వరపెట్టగలదే గాని, మొదలుపెట్టేది పొద్దే. అందుకే నాకు బెంగగా ఉంటుంది: భూమి వేడెక్కి మంచు ఆలస్యంగా పడిన ఏడాది కూడా ఆ జీవి పొద్దు లెక్కనే నమ్ముకుని తెల్లబడి, నల్లటి నేల మీద డేగ కంటికి దొరికిపోతుంది.

తోక కొన మాత్రం ఏ కాలంలోనైనా నల్లగానే ఉంటుంది. యూరప్ రాజుల పట్టాభిషేక వస్త్రాల అంచున తెల్ల బొచ్చుపై కనిపించే నల్ల చుక్కలు ఆ తోక కొనలే. రోజర్ పావెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బొమ్మలపైకి డేగలను వదిలి చూసి, తోక కొన నల్లగా ఉన్నవాటిని అవి ఎక్కువసార్లు పట్టుకోలేకపోయాయని 1982లో రాశారు.

కోనసీమలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా సుమారు రెండు గంటలే, మంచు పడేదే లేదు. అసలు మంచు అరుదైన ఐర్లండ్‌లో స్టోట్‌లు సైతం సాధారణంగా ఏడాదంతా గోధుమరంగులోనే ఉంటాయి. మీ ముంగిస ఎప్పుడైనా గట్టు మీద ఆగితే పరికించి చూడండి: ఒక్కో వెంట్రుక మీదా లేత, ముదురు పట్టీలు ఒకదాని తరవాత ఒకటి ఉంటాయి. ఎండిన కొబ్బరి మట్టల మధ్య అది కలిసిపోవడానికి ఆ బొచ్చు పన్నెండు నెలలూ సరిపోతుంది.