కుక్కకు అంత దురద ఉన్నా చర్మ పరీక్షలో ఏ అలర్జీ తేలలేదంటే

అంతకుముందు వాడిన స్టెరాయిడ్ కారణం కావచ్చు. రిపోర్టులో హిస్టమిన్ (మందుల ప్రభావం లేని చర్మంపై దద్దురు లేపే పదార్థం) సూది వేసిన చోటు చూడండి. అక్కడా దద్దురు లేవకపోతే ఆ ఫలితాన్ని నమ్మొద్దు.

మళ్లీ పరీక్షకు ముందు ఆపాల్సినవి:

1. ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్) మాత్రలు: 14 రోజులు
2. ఎక్కువకాలం పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్: కనీసం 28 రోజులు
3. యాంటీహిస్టమిన్లు: 7 రోజులు

అందరూ మరిచిపోయేది చెవి చుక్కలు, పూతమందులు. లేబుల్ మీద బీటామెథసోన్, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ పేరు కనిపిస్తే వాటినీ 14 రోజులు ఆపాలి. స్టెరాయిడ్ చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది.

చాన్నాళ్లుగా వేస్తున్న స్టెరాయిడ్ మాత్రలు మాత్రం ఒక్కసారిగా మానేయకండి, ప్రమాదం. అడ్రినల్ గ్రంథులు మళ్లీ సొంతంగా కార్టిసాల్ (ఒంట్లో సహజంగా ఉండే స్టెరాయిడ్) తయారుచేసుకోవాలి. డాక్టర్ చెప్పినట్టు డోసు తగ్గిస్తూ వచ్చి, చివరి మాత్ర నుంచి రోజులు లెక్కపెట్టండి. ఈలోగా దురదకు ఓక్లాసిటినిబ్ గురించి అడగండి, అది పరీక్షకు అడ్డురాదు.