మసి మీద నీటిచుక్క

చిరంజీవికి,

ఆశీస్సులు. మంచు మేఘాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. లాంతరు చిమ్నీకి పట్టిన మసి మీద వేసిన నీటిచుక్క అంటుకోకుండా పూసలా నిలిచి జారిపోయిందన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అంత చక్కగా చూసినదానివి, రెండు పేరాలు దాటగానే "విమానాల మసి మంచుకు విత్తనం" అని ఎలా రాశావమ్మా? ఎక్కడో చదివిన మాట కోసం కంటితో చూసినదాన్ని వదులుకున్నావు. నా కోపమంతా దాని మీదే.

నీ చుక్క నిజమే చెప్పింది. తాజా మసికి నీరు అంటదు. పది కిలోమీటర్ల ఎత్తున, మైనస్ 38 డిగ్రీల కంటే చల్లని గాలిలో, సూక్ష్మమైన ద్రావణ బిందువులు ఏ ఘనరేణువు సాయమూ లేకుండానే గడ్డకడతాయి. అయితే అందుకు, మంచు పెరగకుండా తరగకుండా నిలిచే తేమను నూరు శాతం అనుకుంటే, గాలిలో తేమ 140, 150 శాతం దాకా పెరగాలి. ఎడారి ధూళి ఉంటే అంత తేమ అక్కర్లేదు. తాజా మసి ధూళికి సాటిరాదు. కానీ అదే మసి ఇంజను వెనుక ఆవిరిలో తడిసి, మంచు తొడుక్కుని, ఆ మంచు ఆవిరైపోయాక దగ్గరగా ముడుచుకుంటే, దాని సన్నని సందుల్లో నీరు చేరి గడ్డకట్టగలదని ప్రయోగశాలల్లో చూశారు. ఒకసారి మేఘంలోకి వెళ్ళివచ్చిన మసి వేరు, చిమ్నీ మీది మసి వేరు. నీ వ్యాసానికి అసలు కథ అదే.

వాయువులను ఒక్క వాక్యంతో సరిపెట్టావు. నైట్రిక్ ఆమ్లం మంచు స్ఫటికాలను అంటిపెట్టుకుని వాటితోపాటే కిందికి దిగుతుంది. అంటార్కిటికా మీద చలికాలంలో, మామూలు మేఘాలకు పైనుండే గాలిపొర స్ట్రాటోస్ఫియర్ మైనస్ 78 డిగ్రీల కంటే చల్లబడినప్పుడు ఏర్పడే మేఘాల రేణువుల మీద హైడ్రోజన్ క్లోరైడు, క్లోరిన్ నైట్రేటు కలిసి క్లోరిన్ వాయువును విడుదల చేస్తాయి. వసంతంలో ఎండ తగలగానే అది పరమాణువులుగా విడిపోయి ఓజోన్‌ను తినేస్తుంది. బ్రిటిష్ శాస్త్రజ్ఞులు 1985లో ప్రకటించిన ఓజోన్ రంధ్రానికి దారితీసింది ఈ చర్యలే.

దీని మీద నేను తొలిరోజుల్లో రాసిన వ్యాసంలో ఒక వారపత్రిక సంపాదకుడు, అంకెలకు పాఠకులు బెదిరిపోతారంటూ ఆ 78ని కొట్టేసి "విపరీతమైన చలిలో" అని దిద్దారు. అచ్చయ్యాక ఒక పాఠకుడు, ఉత్తర ధ్రువంలోనూ విపరీతమైన చలే కదా, అక్కడ ఏటా అంత రంధ్రం ఎందుకు పడదని ఉత్తరం రాశాడు. జవాబు ఆ కొట్టేసిన అంకెలోనే ఉంది: ఉత్తరాన స్ట్రాటోస్ఫియర్ అంత చల్లగా అన్నాళ్ళు నిలవదు. ఆ కొట్టివేతను నేటికీ క్షమించలేకపోతున్నాను. కొలిచిన అంకె కూడా కంటితో చూసినదే. నీ వ్యాసంలో ఒక్క ఉష్ణోగ్రత కూడా లేదు.

ఆ చిమ్నీ ఇంకా ఉంటే, మసి చెదరకుండా ఆవిరి పట్టించి, ఆరనిచ్చి, మళ్ళీ ఒక చుక్క వేసి చూడు. నిలిచిందో, ఇంకిందో రాసి పంపు. వ్యాసాన్ని అక్కడి నుంచి మొదలుపెడదాం.